సర్ఫు పలక: కొనుటయా, చేయించుటయా?

విరుగబోవు కెరటమును పట్టుకొని, ఒక పొడవైన పలకపై నిలువబడి, ఒడ్డుదాక జారివచ్చు క్రీడకు సర్ఫింగు అని పేరు. పసిఫిక్ మహాసముద్ర ద్వీపములలో పెరిగిన ఈ క్రీడ నేడు మన తీరమునకును వచ్చినది. విశాఖపట్టణము చెంతనున్న రుషికొండలోను, చెన్నపట్టణమునకు దక్షిణముననున్న కోవళములోను, కన్నడ తీరమందలి ముల్కిలోను యువతీయువకులు దీనిని నేర్చుకొనుచున్నారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో దీనికి మొదటిసారిగా స్థానము లభించినది.

నేర్చుకొనదలచినవానికి మొదటి చిక్కు నీటిలో కాదు, అంగడిలోనే ఎదురగును. పలక ఎట్టిది కావలెను? కర్మాగారములో అచ్చులనుండి వేలకొలది తీసిన పలకయా, లేక తన ఎత్తు, బరువు, నేర్పు విచారించి పనివాడు ప్రత్యేకముగా చెక్కి ఇచ్చిన పలకయా? సర్ఫింగు బాగుగా తెలిసిన దేశములలో ఈ వాదము అరువది సంవత్సరములకు పైగా నడుచుచున్నది. ఇందులో డబ్బు ప్రసక్తి మాత్రమే కాదు. ఒక చేతిపని బ్రతుకును, కొత్తవాని ఎముకలును కూడ ఇమిడియున్నవి.

మనకు ఈ క్రీడ పేరు కొత్తగాని, కెరటముపై స్వారి కొత్త కాదు. తేలిక దుంగలను త్రాళ్లతో బిగించి కట్టిన తెప్పపై మన జాలరి వేటకు పోవును. తిరిగి వచ్చునపుడు వెనుక లేచిన కెరటమును ఓరకంట కనిపెట్టి, సరియైన క్షణమున తెడ్డు వేసి, దాని వీపుమీదనే ఒడ్డున వచ్చి పడును. పిదప కట్లు విప్పి దుంగలను ఎండలో ఆరవేయును. ఆ తెప్ప అంగడిలో దొరకు వస్తువు కాదు. దుంగ నెన్నుకొనువాడును, చెక్కువాడును, నడుపువాడును ఒకే పేటవారు, ఒక్కొక్కప్పుడు ఒక్కరే. ఈ సంగతి మనసులో నుంచుకొని హవాయి ద్వీపములకు పోవుదము.

అక్కడ పూర్వము పలకలన్నియు చేయించుకొన్నవియే. అలాయియా అను పలుచని పలక అందరును వాడునది. ఓలో అను మిక్కిలి పొడవైన దళసరి పలక ప్రభువులకు చెల్లునది. అలాయియాను కోవా వంటి గట్టి కర్రతోను, ఓలోను విలివిలి అను తేలిక కర్రతోను చేసెడివారు. ఈ విలివిలి మన బాడిద చెట్టుకు దాయాదియే. కెప్టెన్ కుక్ నౌకలతో వచ్చిన జేమ్స్ కింగ్ 1779లో ఈ క్రీడను చూచి అబ్బురపడి వ్రాసియుంచెను. ఆ ద్వీపములలోనే పుట్టిన డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోం ఒలింపిక్ క్రీడలలో నూరు మీటర్ల ఈతయందు స్వర్ణపతకము గెలిచినవాడు. అతడు 1914 చివర ఆస్ట్రేలియాకు పోయినపుడు వెంట పలక లేదు. సిడ్నీలో దొరకిన పైను జాతి కర్రతో తనకు కావలసిన తీరున పలక సిద్ధపరచుకొని, ఫ్రెష్‌వాటర్ అను తీరమున కెరటములపై నిలిచి చూపెను. ఆ పలకను అక్కడి జీవరక్షక సంఘమువారు నేటికిని భద్రపరచియున్నారు.

వరుసగా తయారుచేసి అమ్ము పద్ధతి 1930 దశకమున కాలిఫోర్నియాలో ఆరంభమైనది. లాస్ ఏంజిలిస్ నగరములో పసిఫిక్ సిస్టం హోమ్స్ అను సంస్థ యుండెను. దాని అసలు వ్యాపారము కూర్పుడు ఇండ్లు. మిగిలిన కలపయు, యంత్రములును ఉండనేయున్నవి గదా యని పలకలు కూడ చేసి అమ్మసాగిరి. వానికి వారు పెట్టిన పేరు మన శ్రోతలకు వింతగా తోచును: స్వస్తిక పలకలు! శుభసూచకమని ఎన్నుకొన్న ఆ గుర్తు జర్మనీలో నాజీల చేతబడి అపఖ్యాతి పొందగా, కొలది యేండ్లలోనే పేరు మార్చుకొనవలసి వచ్చెను. ఆ కాలపు కర్రపలకను మోయుటకే కండబలము కావలెను. ముప్పది, నలుబది కిలోల బరువు తూగినవి కూడ కలవు. టాం బ్లేక్ అనునతడు లోన డొల్లగా నుండు పలకను కల్పించి 1932లో పేటెంటు పొందెను. 1935లో పలక వెనుకభాగమున క్రిందివైపు ఒక రెక్కను తగిలించి, అది దారి తప్పకుండునట్లు చేసెను. రెండవ ప్రపంచయుద్ధము తరువాత తేలికయగు బాల్సా కర్రయు, దానిపై గాజునార బట్టయు, రెసిను పూతయు వచ్చినవి. 1958 ప్రాంతమున హోబీ ఆల్టర్, గోర్డన్ క్లార్క్ అను ఇరువురు కాలిఫోర్నియాలో పాలియురిథేన్ ఫోముతో పలకలు చేయు పద్ధతిని కుదుటపరచిరి. కర్రకు బదులు ఫోము దిమ్మ వచ్చెను.

సరిగా అదే సమయమున, 1959లో, గిడ్జెట్ అను చలనచిత్రము విడుదలయ్యెను. సముద్రపు ఒడ్డు ఎరుగని పిల్లలు కూడ పలకలకై ఎగబడిరి. చేతిపనివారు గిరాకికి చాలలేదు. అప్పుడు అచ్చులోపల గాజునార, రెసిను, ఫోము కూర్చి, గట్టిపడిన పిమ్మట అచ్చు విప్పి తీయు పలకలు బజారుకెక్కినవి. అచ్చునుండి ఊడిపడునది గనుక దానికి పాపౌటు అని హేళనగా పేరు పెట్టిరి. చంకలో పాపౌటు పెట్టుకొని వచ్చినవానిని చూచి ఒడ్డుననున్నవారు నవ్వెడివారు. ఆ నవ్వులో కొంత న్యాయము లేకపోలేదు. తొలినాటి అచ్చుపలకలు పెక్కు బరువైనవి, పెళుసైనవి. కాని ఎక్కువ పాలు గర్వమే యని నా అభిప్రాయము. ఆ నవ్వే నేటికిని కొత్తవానిని భయపెట్టి, వానికి తగని పలకను కొనిపించుచున్నది.

చేయించిన పలక ఎట్లు తయారగునో కొంత వివరముగా చెప్పవలెను. పలక చెక్కు పనివానిని షేపరు అందురు. అతని గదిలో గోడల పొడవునను, ఇంచుమించు నడుము ఎత్తున, దీపములు అమర్చియుండును. పైనుండి వెలుగు పడినచో ఎగుడుదిగుళ్లు కనబడవు. ప్రక్కనుండి పడిన వెలుగులో గోటి మందము మిట్టకు కూడ నీడ ఏర్పడును. ఎదుట పీటలపై ఫోము దిమ్మ. దాని నడుమ ముక్కునుండి తోకదాక సన్నని కర్రబద్ద అతికియుండును; అది పలకకు వెన్నెముక. మొదట అట్టమూసతో ఆకారము గీసి రంపముతో కోయును. తరువాత విద్యుచ్చిత్రికతో దళసరి తగ్గించును. ముక్కు ఎంత పైకి లేవవలెను, తోక ఎంత వంగవలెను అనునది ఇక్కడనే తేలును. ముక్కు వంపు హెచ్చినచో నిటారు కెరటములో గ్రుచ్చుకొనదు గాని, చేతులతో నీరు తోయునపుడు పలక మందముగా సాగును. వంపు తగ్గినచో వేగము వచ్చును గాని, మలుపునకు మొరాయించును. ఆ తరువాత అంచులు. గరుకు కాగితము, జల్లెడవంటి తీగెవల పట్టుకొని, కన్నులకన్న ఎక్కువగా అరచేతులతో చూచుచు అంచులను గుండ్రపరచును. మొదటి అంచు చెక్కుట కష్టము కాదు. రెండవ అంచును మొదటిదానికి సరిజోడుగా చెక్కుటలోనే పనితనము. మద్దెల సిద్ధపరచువానికి ఈ మాట బోధపడగలదు.

అంతటితో పని సగమే. గాజునార బట్టను పైన, క్రింద పరచి రెసిను పోసి, రబ్బరు పలకతో గీచి సమముగా ఇంకించవలెను. బట్టను చదరపు గజమునకు ఇన్ని ఔన్సులని తూకముతో చెప్పుదురు. నాలుగు ఔన్సులది తేలిక, ఆరు ఔన్సులది గట్టి. రెసిను బిగిసిన పిమ్మట ఇంకొక పూత, రెక్కల అమరిక, మరల గరుకు కాగితము. ఈ రెసిను వాసన ఘాటైనది. చెక్కునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. ముఖమునకు ముసుగు లేక పనిచేసిన పాతకాలపు పనివారు దాని ఫలము అనుభవించిరి. చేతిపని అనగానే ముచ్చటపడువారు ఈ సంగతి కూడ తెలిసికొనవలెను.

ఇంత శ్రమపడు పనివాడు గిరాకిని కొన్ని ప్రశ్నలు అడుగును. నీ బరువెంత? ఏ తీరమున స్వారి చేయుదువు? అచ్చటి కెరటము మెత్తగా ఒరగునా, లేక గోడవలె లేచి కూలునా? నీవు ఎడమకాలు ముందుంచి నిలుతువా, కుడికాలు ముందుంచి నిలుతువా? ఇప్పటి పలకలో నీకు నచ్చనిదేమి? మొదటి ప్రశ్నకు తప్ప తక్కినవానికి కొత్తవాని కడ సమాధానములు లేవు. ఉండుటకు వీలులేదు. అతడింకను పలకపై లేచి నిలువనేలేదు. కొలతలు తెలియనివాడు దర్జీకి ఏమి కొలతలిచ్చును? మన ఇండ్లలో ఎదుగు పిల్లవానికి చొక్కా కుట్టించునపుడు తల్లి ఒంటికి సరిగా కుట్టవద్దనియు, వదులుగా ఉంచి లోపల మడత వేయుమనియు చెప్పును గదా. కొత్తవాని నేర్పు నెల తిరుగకముందే మారిపోవును. ఈ నెల వాని కొలతకు చెక్కిన పలక వచ్చు వర్షాకాలమునకు బిగుతైన చొక్కాయే. పలకకు లోపల మడత వేయు ఉపాయము ఇంకను ఎవరును కనిపెట్టలేదు.

మరి కొత్తవానికి వాస్తవముగా కావలసినదేమి? తేలించు శక్తి. పలక ఎన్ని లీటర్ల చోటు ఆక్రమించునో, ముంచినపుడు నీరు ఇంచుమించు అన్ని కిలోల బరువును పైకి నెట్టును. పోటీలలో ఆరితేరినవాడు ఆరు అడుగుల పొడవు, పందొమ్మిది అంగుళముల వెడల్పు గల పలకతో, ఇరువదియైదు, ముప్పది లీటర్లతో నెట్టుకొనివచ్చును. అతని పలక నిలిచియున్నపుడు సగము మునిగియుండును. కెరటపు వేగము అందినప్పుడే అది పైకి లేచును. ఆ వేగమును అందుకొను నేర్పు లేనివానికి ఎనిమిది, తొమ్మిది అడుగుల పొడవును, ఇరువదిరెండు అంగుళములకు తగ్గని వెడల్పును, సుమారు మూడంగుళముల దళసరియు నుండవలెను. అరువది, డెబ్బది కిలోల మనిషికి డెబ్బది, ఎనుబది లీటర్లు ఎక్కువ కాదు. అట్టి పలక మెల్లని కెరటమును కూడ ముందుగానే అందుకొనును. మోకాళ్లపై లేచుటకు, తూలుటకు, సర్దుకొనుటకు వ్యవధి ఇచ్చును. ఒక గంటసేపు నీటిలో నున్నవాడు పది కెరటములు పట్టినచో పదిమారులు నేర్చుకొనును. ఒక్కటియు పట్టలేనివాడు ఉప్పునీరు త్రాగి ఇంటికి పోవును.

తరువాతిది రక్షణ. కొత్తవాడు పడుట నిశ్చయము. పడినవానిపై పలక పడుటయు తరచుగా జరుగును. గాజునార పూతతో గట్టిపడిన పలక అంచు, ముక్కు, రెక్కలు చర్మమును చీల్చగలవు, దంతములు రాలగొట్టగలవు. వాని ప్రక్కన స్నానము చేయు పిల్లలకు కూడ అదే ప్రమాదము. మన తీరములలో సెలవు దినములందు జనము ఎంత క్రిక్కిరిసి యుందురో వేరుగ చెప్పవలెనా? కాలికి కట్టు త్రాడు పలక కొట్టుకొనిపోకుండ ఆపును గాని, సాగి సాగి పలకను తిరిగి మనమీదికే విసరును. 1971లో జాక్ ఓనీల్ అను ప్రసిద్ధ వ్యాపారి, చలినీటి దుస్తుల మూలమున పేరుపొందినవాడు, అట్లే ఎడమకన్ను పోగొట్టుకొనెను. కావున మొదటి పలక మెత్తనిదై యుండవలెననుటలో నాకు సందేహము లేదు.

ఆ మెత్తని పలకను చేయుటలో కర్మాగారమే చేతిపనివానిని మించినది. లోపల తేలిక ఫోము, నిలువునా బద్దలు, పైన మెత్తని పాలిథిన్ ఫోము తొడుగు, క్రింద నున్నని ప్లాస్టిక్ రేకు. వీనిని వేడితో అతుకుదురు. అమెరికాలో కాస్ట్‌కో అను టోకు అంగళ్లలో వేవ్‌స్టార్మ్ అను ఎనిమిది అడుగుల పలక చాలకాలము నూరు డాలర్ల ప్రాంతములో అమ్ముడుపోయెను. చేయించిన పలకకు దానికి ఎన్నో రెట్లు చెల్లింపవలెను. దానిని చూచి పూర్వపు పాపౌటును చూచి నవ్వినట్లే నవ్వినవారు కలరు. కాని అట్లు నవ్విన ఉద్దండులలో కొందరు సరదాకు దానినే ఎక్కి పెద్ద కెరటములలో విన్యాసములు చూపిరి! గట్టి అచ్చుపలకలలోను మేలైనవి వచ్చినవి. బాల్‌పెన్నులకు పేరుపొందిన బిక్ సంస్థవారు ఫ్రాన్సులో తమ క్రీడాశాఖద్వారా ప్లాస్టిక్ తొడుగు గల దృఢమైన పలకలు చాలకాలము అమ్మిరి. సర్ఫింగు బడులు వానిని మెచ్చుకొనినవి. థాయిలాండులోని కోబ్రా అను కర్మాగారములో ఎపాక్సీ రెసినుతో పొరలు పొరలుగా చేయు పలకలు దేశదేశములకు పోవుచున్నవి. ఇవి గాజునార పలకలకన్న తేలిక. చిన్న దెబ్బలకు సొట్టపడవు.

అచ్చుపలక ఏదైనను మంచిదే యని దీని అర్థము కాదు. కర్మాగారము కొత్తవానికి తగినవానినే కాక, వాడు కొనదలచుకొన్న వానిని కూడ చేయును. వీరుల బొమ్మలు చూచి, వారి పలకవంటి పలుచని, సూదిముక్కు పలకను అచ్చువేసి అమ్మినచో కొనువారు మెండు. అట్టిది కొని, నాలుగు ఆదివారములు కుస్తీపట్టి, ఈ విద్య నాకు రాదని అటకపై పారవేసినవారు ప్రతి తీరమునను ఉందురు. అది పలక తప్పు. నేర్చుకొనువాని తప్పు కాదు. మెత్తని పలకకు ఇంకొక దోషము కలదు. అది చినిగినచో బాగుచేయుట కష్టము. నీరు త్రాగి, బరువెక్కి, నడుమ విరిగి చెత్తకుప్ప చేరును. గాజునార పలక పగిలినచో రెసిను, బట్ట ముక్కతో అతికి యేండ్లకొలది వాడవచ్చును. సముద్రమును ప్రేమించు క్రీడ సముద్రపు ఒడ్డుననే ప్లాస్టిక్ గుట్టలు పెంచుట విచారకరము.

చేతిపనివారి సంగతియు ఆలోచింపవలెను. 2005 డిసెంబరు 5వ తేదీన, అమెరికాలో ఫోము దిమ్మలలో మిక్కిలి పెద్ద పాలు సరఫరా చేయుచున్న గోర్డన్ క్లార్క్ తన కర్మాగారమును హఠాత్తుగా మూసివేసెను. షేపర్లు ఒక్క పూటలో దిక్కులేనివారైరి. ఇందులోని విశేషము గమనింపుడు: స్వతంత్రులని పేరుపడిన వందలాది చేతిపనివారు నిజమునకు ఒక్క కర్మాగారము మీదనే ఆధారపడియుండిరి. నాటి తరువాత వేరు ఫోములును, వేరు రెసినులును, కంప్యూటరుతో నడుచు కోత యంత్రములును విరివిగా వ్యాపించినవి. నేడు చేయించిన పలక అనబడుదానిలో కూడ తొంబదిపాళ్ల కోతను యంత్రమే చేసి, తుది మెరుగు మాత్రము చేయి దిద్దుట సామాన్యము. కాబట్టి చేతిదియా, యంత్రముదియా అను ప్రశ్నకన్న, నా కొరకు ఆలోచించినవాడు ఒకడున్నాడా లేడా అను ప్రశ్నయే సరియైనది.

అట్టివాడు దగ్గరలోనే యున్నచో, తీరమున నిలిచి మీ స్వారిని కన్నులార చూచువాడైనచో, రెండవ పలకను వానిచేతనే చేయింపుడు. మొదటి పలకపై ఒక ఋతువు గడపిన పిదప చెప్పుటకు మీ కడ మాటలుండును: నా పలక మలుపు తిరుగుటకు బద్ధకించుచున్నది, ముక్కు నీట మునుగుచున్నది, లేచునపుడు ఎడమకు ఒరుగుచున్నది. పనివానికి ఇవి బంగారమువంటి మాటలు. పొడవును ఒక్కసారిగా రెండడుగులు తగ్గించుమని మాత్రము కోరకుడు. మంచి పనివాడైనచో తానే వారించును. మొదటి పలకనే చేయించుకొనవలసిన వారును కొందరు కలరు. నూరు కిలోలకు మించిన భారీ మనిషికి అంగడి కొలతలు చాలవు. కాలో చేయో లోపించి, పడుకొనియో కూర్చుండియో స్వారి చేయవలసినవారికి పట్టుకొనుటకు పిడులు, ఆనుకొనుటకు దిండ్లు కావలెను. వీరికి అచ్చుపలక తగదు; ఇక్కడ చేతిపనివాని సహాయమునకు వెలకట్టలేము.

మన తీరమున షేపర్లు మిక్కిలి అరుదు. పరదేశమునుండి తెప్పించిన పలకకు ఓడ కూలియు, సుంకమును కలిసి ధర పెరుగును. తొమ్మిది అడుగుల వస్తువును రైలుపెట్టెలో ఎక్కించుటకు టిక్కెట్టు పరీక్షకుని బ్రతిమాలుట వేరొక క్రీడ. కావున మొదటి నెలలో కొనకయే యుండుట మేలు. సర్ఫింగు బడులు మెత్తని పలకలను అద్దెకిచ్చును. రెండు మూడు కొలతలు మార్చి చూచుటకు వీలగును. తమిళదేశమునను, ఇతర తీరములందును ఈ విద్యలో పేరు తెచ్చుకొన్నవారిలో జాలరి కుటుంబముల పిల్లలు పెక్కుమంది. వారికి కెరటము పుట్టుకతో పరిచయము, పలకయే కొరత. తెప్ప దుంగను చెక్కిన చేతులకు ఫోము దిమ్మను చెక్కుట నేర్పినచో మన తీరమునకు మన షేపర్లు ఏల రాకూడదు? రుషికొండ కెరటమును ఎరిగినవాడు చెక్కిన పలక రుషికొండకు తగియుండును. ఇది కేవలము ఊహ కాదు. రెసిను పడవలు మన రేవులలో వచ్చి యేండ్లు గడచినవి, గాజునార బట్ట అతుకు పనివారు ఆ రేవులలోనే యున్నారు.

ఇతరులు వాడిన గట్టి పలకను చవుకగా కొనువారికి ఒక్క మాట. రెక్కల మొదళ్లను, అంచులను వ్రేళ్లతో తడిమి చూడుడు. పసుపు రంగు తిరిగినంతమాత్రమున భయము లేదు. ఎండకు ఫోము రంగు మారును. నొక్కినచో మెత్తగా లోనికి పోవు చోటు, పగులు అంచున గోధుమరంగు మరక, ఎత్తినపుడు చూపునకు మించిన బరువు, ఇవి లోన నీరు చేరినదనుటకు గుర్తులు. ధర తగ్గించి అట్టి పలకను కొన్నను, పగులును వెంటనే పూడ్చకుడు. పగులు క్రిందివైపునకు వచ్చునట్లు నీడలో కొన్ని దినములు నిలువబెట్టి, కారవలసిన నీరు కారి, లోపల బాగుగా ఆరిన తరువాతనే రెసిను పోయవలెను.